నర్సు చదువునకు భత్యమెంత? వ్యయమెంత?

పన్నెండవ తరగతి ఫలితములు వెలువడిన వారములో మన సంఘ కార్యాలయమునకు వచ్చు తల్లిదండ్రులలో, కుమార్తెను నర్సు శిక్షణకు పంపవచ్చునా అని అడుగువారు ఏటేట పెరుగుచున్నారు. వారిలో పలువురు ఒక మాట తప్పక అందురు: “ఆ చదువుకు మనం డబ్బు కట్టనక్కరలేదటండీ, వాళ్ళే నెలనెలా ఎదురిస్తారట.” ఈ మాట పూర్తిగ అబద్ధము కాదు, పూర్తిగ నిజమును కాదు. ఒకప్పుడు అంతటను నిజమై, ఇప్పుడు కొన్ని చోట్ల మాత్రమే మిగిలినది. ఆ తేడా తెలియక చేర్పించి, నడుమ చిక్కుపడిన కుటుంబములను మేము చూచితిమి. కావున ఈ సంచికలో ఆ విషయమును కొంత వివరముగ వ్రాయ దలచితిమి.

ఈ భత్యము, అనగా స్టైపెండు, ఎట్లు పుట్టినదో ముందు చూడవలెను. 1860లో లండను నగరమున సెయింటు థామసు ఆసుపత్రిలో ఫ్లారెన్సు నైటింగేలు పేర శిక్షణ పాఠశాల తెరచినప్పుడు, అందు చేరిన స్త్రీలకు తిండి, బస, పై దుస్తులు ఇచ్చి, వానికి తోడు ఏటికి 10 పౌనులు ఇచ్చెడివారు. లెక్క వేసిన వారమునకు సుమారు 3 షిల్లింగుల 10 పెన్నీలు. ఇది జీతము కాదు, చేతి ఖర్చు. అయితే తిండియు బసయు బట్టయు ఆసుపత్రివే గనుక ఆ కొద్ది సొమ్ము నిజముగ చేతిలో నిలిచెడిది. తల్లిదండ్రులు మొదట గ్రహింప వలసిన సంగతి ఇదియే. భత్యమెంత అని అడిగినప్పుడు, అందులోనుండి ఏమేమి పోవునని వెంటనే అడుగవలెను. రెండవ ప్రశ్న అడుగని వారికి మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబు నిరుపయోగము.

పిమ్మట కొలది కాలములోనే ఆసుపత్రులవారు మరియొక సంగతి కనుగొనిరి. విద్యార్థినులచేత వార్డు పని చేయించిన, జీతమిచ్చి నర్సులను పెట్టుకొనుటకంటె చౌక. దానితో చదువు వెనుకబడి పని ముందుకు వచ్చెను. అమెరికాలో 1923లో వెలువడిన గోల్డ్‌మార్కు నివేదిక ఈ లోపమునే ఎత్తి చూపి, నర్సు పాఠశాలలకు ఆసుపత్రి లెక్కలతో సంబంధము లేని సొంత నిధులుండవలెనని చెప్పెను. మన దేశములో నర్సు విద్య ఈ పద్ధతినే అనుసరించినది. 1871లో మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మంత్రసానుల శిక్షణ మొదలైనది. 1926లో మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టము వచ్చినది. నాటి మద్రాసు రాష్ట్రములో సర్కారు జిల్లాలు, రాయలసీమ, బళ్ళారి, గంజాము అన్నియు చేరియుండెను గనుక, గుంటూరు బాలిక యైనను బరంపురము బాలిక యైనను ఈ చట్టము క్రిందనే నర్సుగ నమోదు కావలసి వచ్చెడిది. గుంటూరులో డాక్టరు అన్నా కుగ్లరు, వేలూరులో డాక్టరు ఐడా స్కడరు నెలకొల్పిన మిషను ఆసుపత్రుల ద్వారా ఈ వృత్తి తెలుగు, తమిళ పల్లెల బాలికలకు అందినది. మన పెద్దకులముల ఇండ్లలో మాత్రము పరపురుషుని ముట్టు పని యని చాలకాలము ముఖము చిట్లించిరి. ఆ చిట్లింపు నేటికిని పూర్తిగ పోలేదని మేము అప్పుడప్పుడు గమనించుచునే యున్నాము.

1946లో భోరు సంఘము తన నివేదిక నిచ్చునాటికి దేశమంతటిలో ఉన్న నర్సులు సుమారు 7,000 మంది. అనగా 43,000 మంది జనమునకు ఒక్కరు. 1971 నాటికి 7,40,000 మంది కావలెనని ఆ సంఘము అంచనా వేసినది. నర్సుల వసతి, వేతనము, పనివేళలు బాగుపడనిదే ఈ వృత్తికి యువతులు రారనియు చెప్పినది. అదే 1946లో ఢిల్లీయందును వేలూరునందును నర్సింగు డిగ్రీ చదువు ప్రారంభమైనది. 1947లో భారత నర్సింగు మండలి చట్టము వచ్చినది. 1954లో, నాటి మద్రాసు ఆరోగ్యశాఖామంత్రి ఎ. బి. శెట్టిగారి అధ్యక్షతన, నర్సుల ఉద్యోగ పరిస్థితులను, వేతనములను విచారించుట కొక సంఘము నియమింపబడెను. 1987లో సరోజినీ వరదప్పన్ గారి అధ్యక్షతన మరియొక సంఘము. ఒకే ప్రశ్నను ముప్పదియేండ్ల కొకమారు విచారింప వలసి వచ్చిన దనిన, జవాబు ఆచరణలోనికి రాలేదని తెలియుచునే యున్నది.

చెన్నపురి తెలుగువారమైన మనము ఇచట దుర్గాబాయి దేశముఖ్ గారిని తలపకుండ పోలేము. ఆమె 1937లో ఈ నగరముననే ఆంధ్ర మహిళాసభను స్థాపించిరి. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ సంఘమునకు ప్రథమాధ్యక్షురాలైరి. ఆ సంఘము 1958లో, చదువు నడుమ ఆగిపోయిన వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమమును ప్రవేశపెట్టినది. పరీక్షకు కూర్చుండుటకు తగిన చదువు లేకపోవుటచే నర్సు శిక్షణకును, మంత్రసాని శిక్షణకును, గ్రామసేవికల శిక్షణకును చేరలేని విధవలు, పేద స్త్రీలు దానివలన లాభపడిరి. చదువు చెప్పుట యొక్కటే చాలదు, చదువుకొనుచున్నంత కాలము వారి కడుపు నిండవలెనని ఆమె గుర్తించిరి.

ఇక నేటి సంగతి. నేడు నర్సు శిక్షణ ముఖ్యముగ మూడు విధములు. సహాయ నర్సు-మంత్రసాని శిక్షణ రెండేండ్లు, జనరల్ నర్సింగు డిప్లొమా మూడేండ్లు, బి.యస్సి. నర్సింగు నాలుగేండ్లు. డిగ్రీకి పన్నెండవ తరగతిలో భౌతిక, రసాయన, జీవశాస్త్రములును ఇంగ్లీషును ఉండవలెను. డిప్లొమాకు ఇతర విభాగముల వారును అర్హులు. ఏ విధమైనను, సంస్థను బట్టి ఖర్చు మారును. ప్రభుత్వ పాఠశాలలలో రుసుము స్వల్పము, పలుచోట్ల కొంత భత్యమును కలదు. ప్రైవేటు కళాశాలలలో భత్యమను మాట లేదు, రుసుము మనమే చెల్లింపవలెను. నైటింగేలు నాటి పద్ధతి దాదాపు చెక్కుచెదరక నిలిచియున్నది సైనిక నర్సింగు సేవలో. అందు ఎన్నికయైన బాలికలకు చదువు, రేషను, బస ఉచితము. దుస్తుల భత్యము, నెలసరి స్టైపెండు కూడ నిత్తురు. బదులుగా చదువు ముగిసిన పిమ్మట సైన్యములో పనిచేయుదు నని ఒప్పందము వ్రాసి యీయవలెను. ఈ సేవకు సంబంధించిన కళాశాల బెంగుళూరు వైమానికదళ ఆసుపత్రిలో నొకటియు, పూనాలో నొకటియు నుండుటచే మన దక్షిణాది వారికి దూరము కాదు. పోటీ మాత్రము తీవ్రము.

రుసుముల పట్టికను అందరును చూతురు. పట్టికలో లేని ఖర్చులే కుటుంబములను కుంగదీయును. రెండేండ్ల క్రిందట డిప్లొమా ముగించిన మన పాఠశాల పూర్వవిద్యార్థిని యొకతె, తాను మూడేండ్లు వ్రాసికొనిన జమాఖర్చుల పుస్తకమును మాకు తెచ్చి చూపెను. తండ్రి దర్జీ. మొదటి నెలలోనే రెండు జతల యూనిఫారము, తెల్లని బూట్లు, మేజోళ్ళు, సెకండ్ల ముల్లుగల చేతి గడియారము, కత్తెర, ఉష్ణమాపకము, నామఫలకము. తరువాత పాఠ్యపుస్తకములు. అవి ఇంగ్లీషులో నుండి వెల హెచ్చు. ప్రతి విభాగమునకు రోగుల వివరములు వ్రాయు రికార్డు పుస్తకములు, వానికి అట్టలు, చార్టు కాగితములు. కాలేయపు వాపు రాకుండ మూడుమార్లు టీకా. సమాజ ఆరోగ్యమునకై ఊళ్ళకు పోవు దినములలో బస్సు చార్జీలు, బయటి భోజనము. మానసిక వైద్యశాలలో నిర్బంధముగ పొందవలసిన అనుభవమునకై వేరొక ఊరిలో కొన్ని వారములు ఉండవలసి వచ్చినందున అక్కడ విడిగ బస కిరాయి. పరీక్ష రుసుము ఏటేట. చివర మండలిలో నమోదునకు రుసుము. ఆ పుస్తకములో సబ్బు, తలనూనె, ఇంటికి ఫోను అను పద్దులు కూడ కలవు. చలువ చేయించిన యూనిఫారము లేనిదే వార్డులోనికి రానీయరు గనుక చాకలి పద్దు ప్రతి వారమును కనబడెను.

అయితే అన్నిటికంటె పెద్ద పద్దు మెస్సు. ఆమెకు నెలకు వచ్చిన భత్యము 500 రూపాయలు. మెస్సు బిల్లు మొదటి యేట 2,800, మూడవ యేట 3,600. భత్యము మూడేండ్లును కదలలేదు. రేట్లు మారినప్పుడెల్ల పెరిగినది తండ్రి పంపు మనియార్డరు మాత్రమే. (ఇప్పుడు మనియార్డరు లేదు, ఫోనులోనే సొమ్ము పోవును; ఆ తండ్రి మాత్రము ఇంకను ఆ మాటే వాడుచున్నారు.) భత్యమును ఒక అంకెగ నిర్ణయించి ఏండ్ల తరబడి అట్లే వదలివేసిన, బజారు ధరలు దానిని నెమ్మదిగ తినివేయును. ఉద్యోగులకు కరవుభత్యము కలదు. విద్యార్థినుల స్టైపెండునకు అట్టి కట్టుబాటు లేదు.

ఇచట ఒక న్యాయమైన ప్రశ్న వచ్చును. చదువుకొనువారికి ఎవరైన ఎందుకు డబ్బీయవలెను? ఇతర కళాశాలల విద్యార్థులకు ఇచ్చుట లేదు గదా! దీనికి జవాబు శిక్షణ నియమములలోనే కలదు. 2021లో ప్రకటింపబడిన బి.యస్సి. నర్సింగు నియమముల ప్రకారము ఎనిమిదవ అర్ధవార్షికమంతయు ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్పు. 22 వారములు, వారమునకు 4 గంటల బోధన, 44 గంటల వార్డు పని. అనగా 968 గంటల పని. ఎనిమిది గంటల కొక డ్యూటీ చొప్పున 121 డ్యూటీలు. ఈ దశకు వచ్చిన బాలిక వట్టి చూపరి కాదు. పర్యవేక్షణలో నున్నను, మందులిచ్చును, గాయములకు కట్టు కట్టును, రాత్రి కాపలా యుండును, రోగి పరిస్థితి వ్రాసి పెట్టును. నలుబది మంది విద్యార్థినులు గల తరగతి ఆసుపత్రికి ఎంత పనిభారమును తగ్గించునో తల్లిదండ్రులే ఊహింపవచ్చును. వైద్యవిద్యార్థి ఇంటర్నుగ పనిచేసినప్పుడు అతనికి స్టైపెండు ఇచ్చుట న్యాయమని అందరును ఒప్పుకొందురు. అదే వార్డులో అదే రాత్రి పనిచేయు నర్సు విద్యార్థినికి లేకపోవుట, లేదా చాకలి ఖర్చునకు చాలునంత మాత్రమే యుండుట మాకు సమంజసముగ తోచదు. పని చేయించుకొనుటకు నర్సుగను, డబ్బు ఈయవలసినప్పుడు విద్యార్థినిగను చూచు ఈ రెండు నాలుకల పద్ధతి కొత్తది కాదు. గోల్డ్‌మార్కు నాటి నుండియు నున్నదే.

భత్యము తీసివేసిన ఏమగునో ఇంగ్లండు దేశము అనుభవపూర్వకముగ తెలిసికొనినది. అక్కడ నర్సు విద్యార్థులకు రుసుము లేకుండ, బర్సరీ ఇచ్చు పద్ధతి యుండెడిది. 2017లో కొత్తగ చేరువారికి దానిని తొలగించి, అప్పు చేసి చదువుకొనుడని చెప్పిరి. దరఖాస్తులు తగ్గినవి, ముఖ్యముగ పెద్ద వయస్సువారు, పిల్లలు గల తల్లులు వెనుకకు తగ్గిరి. తుదకు 2020 సెప్టెంబరు నుండి ఏటికి కనీసము 5,000 పౌనులు, తిరిగి చెల్లింప నక్కర లేని సహాయముగ ఇచ్చుటకు ప్రభుత్వము పూనుకొనవలసి వచ్చెను.

మన ఇండ్లకు అందగల సహాయములను గూర్చి కొన్ని మాటలు. ఇచట ఒక భ్రమను మొదటనే తొలగింప వలసియున్నది. “మనం మైనారిటీలం గదా, మైనారిటీ స్కాలర్‌షిప్పు వస్తుంది” అని మన సభ్యులలో అనేకులు తలచుచున్నారు. కేంద్ర ప్రభుత్వము మైనారిటీల పేర ప్రకటించిన విద్యార్థివేతనములు మతమును బట్టి గుర్తింపబడిన వారికి, అనగా ముస్లిములు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్సీలు, జైనులకు ఉద్దేశింపబడినవి. భాషను బట్టి మైనారిటీలమైన మనకు రాజ్యాంగము 30వ అధికరణముచే విద్యాసంస్థలు స్థాపించి నడుపుకొను హక్కు నిచ్చినది. ఆ హక్కు వలన తెలుగు మైనారిటీ కళాశాలలలో మన పిల్లలకు సీట్లు దొరకవచ్చును గాని, చేతికి డబ్బు రాదు.

షెడ్యూల్డు కులముల బాలికలకు పోస్టు మెట్రిక్ విద్యార్థివేతనము కలదు. తల్లిదండ్రుల ఆదాయము ఏటికి రెండున్నర లక్షలు మించరాదు. 2021లో సవరించిన నిబంధనలలో నర్సింగు వంటి వృత్తివిద్యలు చేరిన తరగతికి, నిర్బంధ రుసుములు గాక, హాస్టలులో నుండువారికి ఏటికి 9,500 రూపాయలు, ఇంటినుండి వచ్చువారికి 6,500 రూపాయలు పోషణ భత్యము. హాస్టలు వారి మొత్తమును పన్నెండుచే భాగించిన నెలకు 792 రూపాయలు తేలును. పై బాలిక మెస్సు బిల్లుతో దీనిని పోల్చి చూడుడు. అయినను రుసుము భారము తొలగును గనుక ఇది చిన్న సహాయము కాదు. అర్హత గలవారు వదలుకొనరాదు. కులధ్రువపత్రము తెలుగు నాట పుట్టిన తాతల పేర గాక, ఈ రాష్ట్రములో జారీ అయినదిగ నుండవలెను. ఇందు ఆలస్యము జరిగి ఏడాది కోల్పోయినవారు కలరు.

తమిళనాడు ప్రభుత్వము 2022లో ప్రారంభించిన పుదుమై పెణ్ పథకము ప్రకారము, ఆరు నుండి పన్నెండు వరకు ప్రభుత్వ పాఠశాలలో చదివిన బాలికలకు పైచదువు కాలమున నెలకు 1,000 రూపాయలు. 2024 డిసెంబరులో దీనిని ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలలలో తమిళ మాధ్యమమున చదివినవారికి విస్తరించిరి. ఆ చివరి మాట మనకు ముఖ్యము. సహాయ పాఠశాలలో తెలుగు మాధ్యమమున చదివిన బాలిక విషయమున ఏమగునో ముందే ప్రధానోపాధ్యాయుని ద్వారా వ్రాతమూలముగ తెలిసికొనుట మంచిది. మా సంఘము ఈ విషయమున వినతిపత్రము సిద్ధము చేయుచున్నది. ఆంధ్రప్రదేశములో చేర్చవచ్చునని కొందరు అందురు. అక్కడ సీట్లలో అధికభాగము స్థానికులకు కేటాయింపబడియున్నది. ఇక్కడ చదివిన మన పిల్లలు అక్కడ స్థానికేతరులు.

బ్యాంకు అప్పు గూర్చి. నర్సింగునకు విద్యారుణము దొరకును. 4 లక్షల వరకు తనఖా అడుగకుండ ఇచ్చుట బ్యాంకుల సాధారణ పద్ధతి. చదువు ముగిసిన ఏడాది వరకు వాయిదాలు కట్ట నక్కర లేదు. కాని వడ్డీ ఆగదు. ఒక ఉదాహరణ చూడుడు. నాలుగేండ్లు, ప్రతి ఏటి మొదట 50,000 చొప్పున 2 లక్షలు తీసికొనిరి. వడ్డీ నూటికి 10 అనుకొందము. కట్టుట మొదలగు నాటికి బారువడ్డీయే 70,000 అగును. బాకీ 2,70,000. దానిని ఏడేండ్లలో తీర్ప దలచిన నెలకు సుమారు 4,480 రూపాయలు. ఈ అంకెను ఉద్యోగ జీతముతో పోల్చి చూడవలెను. 2015లో ఈ రాష్ట్రములో వైద్యసేవల నియామక మండలి ద్వారా ఒప్పందముపై తీసికొనబడిన నర్సులకు మొదట ఇచ్చినది నెలకు 7,700 మాత్రమే. 2017 నవంబరులో వారు చెన్నపురిలో సమ్మెకు దిగిన సంగతి చదువరులకు జ్ఞాపకముండును. అట్టి జీతములో సగమునకు పైగ బ్యాంకునకే పోవును. ఏడవ వేతన సంఘము ప్రకారము కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రులలో నర్సు మూలవేతనము 44,900 నుండి మొదలగును. ఈ రెండు అంకెల నడుమ ఎక్కడ మన బిడ్డ నిలుచునో చదువు నాటికి తెలియదు. ప్రైవేటు ఆసుపత్రుల జీతములపై 2016లో సుప్రీంకోర్టు ఆజ్ఞపై ఏర్పడిన సంఘము, ఏబది పడకలకు లోపు చిన్న ఆసుపత్రిలోనైనను 20,000కు తగ్గరాదని చెప్పినది. 2018లో కేరళ ప్రభుత్వము ఆ 20,000ను కనీస వేతనముగ ప్రకటించెను. సిఫారసు ఉన్నంత మాత్రమున జీతము రాదని తక్కిన రాష్ట్రముల నర్సులు చెప్పుచున్నారు.

ఇక బాండు. పైన చెప్పిన దర్జీ కుమార్తె పేరు చెప్పము, ఆమె చదివిన ఆసుపత్రి పేరును చెప్పము. చేరునాడు తండ్రిచేత తమిళములో వ్రాసిన పత్రముపై సంతకము చేయించిరి. ఆయనకు తమిళము మాటలాడుట వచ్చును, చదువుట రాదు. చదువు ముగిసిన పిమ్మట రెండేండ్లు అక్కడనే తక్కువ జీతముపై పనిచేయవలెననియు, కాదన్న పెద్ద మొత్తము చెల్లింపవలెననియు అందుండెను. ఆమె పదవ, పన్నెండవ తరగతుల అసలు ధ్రువపత్రములు వారి బీరువాలోనే యుండెను. “అయ్యా, భత్యమిస్తామన్నారని సంతోషపడి సంతకం పెట్టాను. ఆ ఐదువందలకు ఇంత వెల ఉందని తెలియలేదు” అని ఆయన మాతో ననిరి. శిక్షణ సంస్థలు బాండు వ్రాయించుకొనుటయు, అసలు పత్రములు అట్టిపెట్టుకొనుటయు కూడదని భారత నర్సింగు మండలి చెప్పియున్నది. మా సంఘ న్యాయవాది మిత్రులు ఆ సంగతి తెలుపుచు ఒక జాబు వ్రాసిరి. రెండవ జాబు వ్రాసిరి. మూడవ మారు మేము నలుగురము స్వయముగ పోయితిమి. నాలుగు నెలలకు పత్రములు చేతికి వచ్చినవి. ఈ నడుమ ఆమెకు వచ్చిన ఒక మంచి ఉద్యోగపు ఇంటర్వ్యూ తేది దాటిపోయినది.

చేర్చుటకు ముందు ఆసుపత్రిని కంటితో చూచి రండు. నర్సింగు కళాశాలకు సొంతముగ కనీసము నూరు పడకల ఆసుపత్రి యుండవలెననియు, ఒక్కొక్క విద్యార్థినికి ముగ్గురు రోగుల చొప్పున ఉండవలెననియు నియమము. నలుబది మందికి నూటయిరువది మంది రోగులు. పడకలు ఖాళీగ నున్న చోట నేర్చుకొనునది లేదు. రోగులు క్రిక్కిరిసి జీతపు నర్సులు కనబడని చోట మన బిడ్డయే వారి బదులు నిలువవలసి వచ్చును. మెస్సు బిల్లు గత మూడేండ్లది అడిగి చూడుడు. ఆ కళాశాలలో చదువుచున్న బాలికను ఒకరిని గేటు వెలుపల పలుకరించిన, ప్రిన్సిపాలు గదిలో తెలియని సంగతులు తెలియును.

తమిళ పఠనము సంగతి మరువరాదు. రాష్ట్ర ప్రభుత్వోద్యోగమునకు తమిళ పరిజ్ఞానము కావలెను. రోగితో మాటలాడుటకును అదియే ఆధారము. తెలుగు మాధ్యమమున చదివిన మన బాలికలు పాఠమును ఇంగ్లీషులో నేర్చి, రోగితో తమిళమున పలికి, ఇంటికి వచ్చి తెలుగున చెప్పుకొందురు. మూడు భాషలలో పనిచేయు నర్సునకు సరిహద్దు జిల్లాల ఆసుపత్రులలో నున్న గిరాకీని మేము ఎరుగుదుము.

ఆ దర్జీ కుమార్తె ఇప్పుడు హోసూరు వైపు ఒక ఆసుపత్రిలో పనిచేయుచున్నది. ఆమె జమాఖర్చుల పుస్తకమునకు నకలు తీయించి కార్యాలయములో నుంచితిమి. వచ్చువారు చూచుకొనవచ్చును. ఆదివారములందు ఉదయము పది గంటల నుండి పన్నెండు వరకు మేము అక్కడనే యుందుము. తమిళములో నున్న ఒప్పంద పత్రము లేవైన సంతకమునకు ముందే తెచ్చిన, చదివి వినిపింతుము.